రెండో లేన్ నాసికా సంగ్రామము

వినుడు, వినుడు! చెవులున్నవారెల్లరు వినుడు, చెవులలో ఇయర్‌ఫోన్లున్నవారు తీసి వినుడు!

కలియుగంబున, అందును మెట్రో కోసం రోడ్లు ఇంకను తవ్వుచునేయున్న కాలంబున, గాలి సూచిక నూటతొంబది చూపినచో "ఇవాళ గాలి బాగుందండీ" అని జనులు కిటికీలు తెరచుకొను ఢిల్లీ మహామండలంబున, రింగు రోడ్డునకు ఉత్తర దిగ్భాగంబున, యమునానది నగరములో కాలుపెట్టి రంగు మార్చుకొనుటకు ఇంకను పది కిలోమీటర్లు మిగిలియున్న పుణ్యస్థలంబున, ఏప్రిల్ మాసపు ఒకానొక ఆదివారంబున, ఉదయము ఎనిమిది గంటల నలుబది నిమిషములకు, ఒక ముక్కు మీద ఒక ఈగ వాలెను.

అంతే. కథ ఇంతే. ఇంతోటి దానికి ఇంత గొంతు చించుకోవాలా అంటారేమో, ఆగండి. ఆ ముక్కు ఎవరిదో, ఆ వేళ ఆ ముక్కుగల కన్య చేతులు రెండూ ఎక్కడున్నాయో తెలిస్తే గాని మీకు ఒళ్ళు జలదరించదు.

ఆ ముక్కు ఎల్సాది. ఎల్సా ఎవరనగా, కరోల్ బాగ్ వెనుక సందున మూడవ అంతస్తున కాపురముండు జయశీల అను నర్సమ్మకు ఏకైక పుత్రిక, పదునెనిమిదేండ్ల ప్రాయముది, రక్తము నరసాపురముది, నాలుక ఢిల్లీది, తెలుగు చక్కగా అర్థమగును గాని జవాబు మాత్రము హిందీలోనే బయటికి వచ్చును. ఆమె నాలుగేండ్లుగా చేయుచున్న ఘోరయుద్ధమునకు స్ప్రింట్ కెనూ పందెమని పేరు.

కెనూ అనగానే మన గోదావరి మీద పోయే పడవ అనుకుంటారు మీరు. అంత సుఖం లేదు నాయనా! పదిహేడడుగుల పొడవు, ఒక మనిషి నడుము ఇరుకుగా పట్టునంత వెడల్పు; చుక్కాని లేదు, కూర్చొనుటకు పీట లేదు. ఒక మోకాలు అడుగున ఆన్చి, రెండవ పాదము ముందుకు చాచి, ఒంటిపలక తెడ్డును రెండు చేతులతో బిగించి, ఒకే వైపున నీటిని పొడుచుకొనుచు పోవలెను. గట్టిగా దగ్గినచో ఒరుగును. పక్కవానిని పలకరించుటకు తల తిప్పినచో ఊగును. తెడ్డు నీటి మీద ఆనియున్నంతసేపే దానికి నిలకడ. ఒక్క చేయి వదలితివా, పైన పడవ, కింద యమునలో నీవు.

మొదటి నలుబది దినములు ఎల్సా నది మీద కంటె నదిలోపలనే ఎక్కువ కాలము గడిపెను. తేలినప్పుడెల్ల తల్లి ఒక టీకా వేసెను. "టెటనస్ అయింది, టైఫాయిడ్ అయింది, కామెర్లది కూడా అయింది. ఇంక కుక్క కాటుదొక్కటే మిగిలిందే!" అని జయశీల వాపోయెను. అయినను ఆ కన్య వెనుదీయలేదు. ఎడమ వైపు తెడ్డు వేయునది గనుక ఎడమ మోకాలు నల్లబడి కాయ కాచెను, ఎడమ భుజము కుడిభుజమును మించి బలియగా, కుర్తా చేతులు రెండు వేర్వేరు కొలతలతో కుట్టించవలసివచ్చెను, ఆదివారపు తెలుగు ఆరాధనలో సంఘమంతయు రెండు మోకాళ్ళ మీద ఉండగా, ఈమె అలవాటుచొప్పున ఎడమ మోకాలొక్కటే ఆన్చి కుడిపాదము ముందుకు చాచి ప్రార్థింపగా, పాస్టరుగారు జయశీలను పక్కకు పిలిచి, "అమ్మాయి ఉంటుందా, వెళ్ళిపోతుందా?" అని సందేహము వెలిబుచ్చిరి.

ఇక ప్రాణం మీదికి వచ్చిన సంగతి చెబుతాను. ఆనాడు జరుగునది రాష్ట్రస్థాయి ఎంపిక పందెము. రెండు వందల మీటర్లు. మొదటి ముగ్గురికే జాతీయ శిబిరము. రెండేండ్ల క్రితము ఎల్సా సగము దారిలో బోల్తాపడెను. నిరుడు నాలుగవదయ్యెను. జూనియరుగా ఇదే ఆఖరు ఏడు. జయశీల నర్సింగు కళాశాల దరఖాస్తు తెచ్చి, తానే నింపి, ఫోటో అంటించి, కూతురి సంతకము ఒక్కటి మిగిల్చి బీరువాలో పెట్టెను.

"ఇదే ఆఖరు చెప్తున్నాను. మూడులోపు వచ్చావా, నీ పడవ నీది, నేనింక నోరెత్తను. నాలుగొచ్చిందా, సంతకం పెట్టేసి సోమవారం నాతోపాటు హాస్పిటల్‌కి వచ్చెయ్యాలి. ఏం?"

"ఠీక్ హై, మమ్మీ," అని ఎల్సా పలికెను గాని ఆ రాత్రి అన్నము సరిగా తినలేదు. ఆ పిల్లకు పడవ తప్ప వేరే బతుకు మీద ఆశ లేదు. ఇది తల్లికీ తెలుసు.

పందెపు నాటి ఉదయము రెండవ అంతస్తు సదాశివరావు, గుంటూరు నుండి వచ్చి గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయు సాత్వికుడు, వారిద్దరిని తన కారులో యమునాతీరమునకు చేర్చెను. అక్కడ నీటి అంచున తల్లి, కూతురు కన్నులు మూసికొని నిలిచిరి. జయశీల చేతిలో ఒక చెంచా. చెంచా నిండుగ నారింజరంగు గ్లూకోజు పొడి. పందెమునకు ముందు ఒంటిలో పంచదార పడిపోవునని నర్సమ్మ భయము.

"ప్రేమగల తండ్రీ, పరిశుద్ధుడా, నా బిడ్డ మునిగిపోకుండా, సుగరు పడిపోకుండా, మోకాలు పట్టెయ్యకుండా..." అని ప్రార్థన సాగెను. సాగుచునేయుండెను. అవతల కోచ్ రాఠీ సార్, "బోట్ పే! సబ్ బోట్ పే!" అని గర్జించెను. ఆమెన్ రాకముందు కన్ను తెరచుట ఆ ఇంట లేదు, ఆమెన్‌కు ఇంకను దూరమున్నది, వేళ మించుచున్నది. అందుచేత జయశీల కన్నులు తెరవకయే చెంచాను ముందుకు సాచెను. ఇరువదియేండ్లుగా వేలమంది నరములకు గురి తప్పక సూది గుచ్చిన ఆ హస్తము, హతవిధీ, ఒక్క అంగుళము పైకి పోయెను. సగము గ్లూకోజు నోట పడెను. సగము ముక్కు మీద పడెను.

ఎల్సా కన్నులూ మూసియే ఉండెను గదా, ఆమెకు తెలియలేదు. ఆమెన్ అనగానే పడవకై పరుగెత్తెను. చూసినవాడు సదాశివరావు ఒక్కడే. చూసి ఏమనుకున్నాడయ్యా అంటే, మనం బొట్టు పెట్టుకున్నట్టు ఇది వాళ్ళ పద్ధతి కాబోలు, పరాయివాళ్ళ భక్తిలో మనం వేలు పెట్టకూడదు అనుకొని, మర్యాదగా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. మంచితనం ఎంత పని చేసిందో చూశారా!

ఆరు లేన్లు, ఆరు పడవలు, ఆర్గురు వీరకన్యలు. ఎల్సాది ఒడ్డు నుండి రెండవ లేన్. ఇనుప మంచె మీద, మైకు చేతబట్టి, రిటైరైన ఫౌజీ మలిక్ సాబ్ పందెము మొదలుపెట్టువాడై నిలిచియుండెను. చెమట పట్టగా, ఎల్సా ముక్కు మీది పొడి కరగి పాకమయ్యెను.

"రెడీ!" అనెను మలిక్ సాబ్. "సెట్!" అనెను.

అప్పుడు వాలెను, ఆ ఈగ.

ఎల్సా ఉలికిపడెను. తెడ్డు నీట దిగెను. పడవ బారెడు ముందుకు ఉరికెను.

"లేన్ దో! ఫాల్స్ స్టార్ట్! యే పహలీ వార్నింగ్ హై. దూసరీ బార్ సీధా బాహర్!"

ఒడ్డున రాఠీ సార్ తల పట్టుకొని, "ఎల్సా! హిల్నా మత్! ముర్దా బన్ జా, ముర్దా!" అని బొబ్బరిల్లెను. శవమువలె బిగిసియుండుమని ఆజ్ఞ. మరల కదిలినచో పందెము నుండి బయటికి. కదలకున్నచో ఈగ. పడవలు మరల బారు తీరెను. ఈగయు మరల వచ్చి, ముక్కుకొనను సింహాసనముగా జేసికొని, ముందుకాళ్ళు రెండును రుద్దుకొనుచు, మక్షికకులోచితమగు గాంభీర్యముతో ఇట్లు పలికెను:

"ఓసి నావికా! ఎవరనుకొంటివి నన్ను? జిలేబీ మూకుళ్ళ చెంత పుట్టినవాడను, లడ్డూ గుట్టలపై పెరిగినవాడను, హల్వాయి విసనకఱ్ఱలకు, అత్తల చెంగులకు, గురుద్వారా లంగరు అన్నసత్రములో సేవకుల తువ్వాళ్ళకు వెఱవక తిరిగినవాడను! చక్రవర్తి ముక్కైనను, చప్రాసీ ముక్కైనను నాకొక్కటే. నీకు చేతులు రెండున్నవి గదా. ఏదీ, ఒక్కటి ఎత్తి చూపుము!"

ఆ మాటకు ఎల్సా అంతరంగమున రోషానలము భగ్గున మండగా ఆమె ఇట్లు ప్రతిగర్జన చేసెను:

"ఓరీ మలభక్షకా! క్షుద్రపక్షద్వయగర్వితా! నాలుగేండ్లు యమున తాగినదానను, నలుబది మార్లు మునిగి నలుబదియొకటవ మారు తేలినదానను, నీ ఆరు కాళ్ళకు వెఱతునా? ఈ రెండు హస్తములు ఈ తెడ్డును వీడుట కల్ల! పందెము ముగియనిమ్ము, ఆపై నీవో నేనో తేల్చుకొందము!"

ఇది ఆమె లోపల పలికినది. పక్క లేన్ పిల్లకు వినిపించినది మాత్రము, "హట్ నా, యార్!" అన్నది ఒక్కటే.

అంతట మొదటి అస్త్రముగా ఎల్సా క్రిందిపెదవిని ముందుకు చాచి, నోటిగాలిని పైకి ఊదెను. ఈగ లేచెను, చుట్టు తిరిగెను, అక్కడే వాలెను. రెండవ అస్త్రముగా ముక్కుపుటములను కుందేలువలె కదిపెను. ఈగకు అది ఉయ్యాలయ్యెను. మూడవది కడు సాహసము: సెట్ అన్నప్పుడు కుడిచేయి తెడ్డు పిడి మీద తల ఎత్తున నుండును గావున, మోము ఇంచుక వాల్చి ఆ దండచేతికి ముక్కు రుద్దుకొనవచ్చునని తలచి, అంగుళములో సగము తల వంచెను. పడవ మూలిగి కుడికి ఒరిగెను. రాఠీ సార్ ఒడ్డున కూలబడెను. ఎల్సా తలను ఎక్కడిదక్కడ నిలిపెను.

ఈలోగా పందెం మొదలెట్టి చావొచ్చుగా అంటారు. ఎలా మొదలెడతాడు? గాలికి అయిదో లేన్ పడవ ముందుకు జారిపోతూనే ఉంది.

"లేన్ పాంచ్, పీఛే! థోడా ఔర్ పీఛే, బేటా! అరే ఇత్నా పీఛే నహీ!" అని మలిక్ సాబ్ సర్దుచుండెను. అయిదవ లేన్ కుదురునంతలో గుఱ్ఱపుడెక్క తీగల గుంపొకటి తేలివచ్చి నాలుగవ లేన్‌లో చొచ్చెను. దానిని లాగుటకు మోటారు బోటు రావలసివచ్చెను. ఎల్సాకు ఒక్కొక్క క్షణము ఒక్కొక్క ఆషాఢమాసమయ్యెను.

అప్పుడు ఒడ్డున జయశీల కూతురి ముఖము వంక తేఱిపార చూచెను. నారింజరంగున, జిగటగా, ఎండకు మెరయుచున్న ఆ ముక్కు. ముక్కు మీద నల్లని చుక్క. ఇరువదియేండ్ల నర్సు కన్ను గదా. చూడగానే రోగము తెలిసెను.

"అయ్యయ్యో! అది నేను పెట్టిన గ్లూకోజండీ!"

"అవునమ్మా, నేను చూశాను," అన్నాడు సదాశివరావు. "మీ పద్ధతేమో అనుకున్నాను."

"ఏం పద్ధతండీ, ముక్కుకి గ్లూకోజు పెట్టే పద్ధతి ఎక్కడన్నా ఉంటుందా?"

శ్రోతలారా, ఇక్కడ కొంచెము మనసు పెట్టి వినుడు. ఆ క్షణమున ఎల్సా ఒక్క చేయి ఎత్తి గోకుకొన్నచో చాలును. పడవ తిరగబడును, దరఖాస్తు మీద సంతకము పడును, సోమవారము తల్లీకూతుళ్ళు ఒకే బస్సులో ఆసుపత్రికి పోవుదురు. మూడేండ్లుగా జయశీల దేవుని అడుగుచున్నదే అది. ఆమె నోరు మూసికొని నిలిచియున్నచో అడిగినది దొరికెడిది. కానీ ఎండలో బొమ్మలా బిగుసుకుపోయి, ముక్కు మీద ఈగతో, చెయ్యెత్తకుండా ఓర్చుకుంటున్న ఆ పిల్లను చూస్తే తల్లి గట్టు మీద నిలవలేకపోయింది. ఈ పిల్ల ఓడిపోవడం తనకు అక్కర్లేదని జయశీలకు అప్పుడే తెలిసింది. ఆమె చెప్పులతోనే మడమ లోతు నీటిలోకి దిగి, యమున ఆవలి ఒడ్డు ప్రతిధ్వనింపగా ఎలుగెత్తి అరచెను:

"ఎల్సా! గోక్కోకే తల్లీ! గోక్కోకు! నేను చెప్తున్నాను, ఓర్చుకో!"

మలిక్ సాబ్ మైకులోనే ఉరిమెను: "మేడమ్ క్యా బోల్ రహీ హై? బాహర్ సే కోచింగ్ అలౌడ్ నహీ హై!"

"కోచింగ్ నహీ, సాబ్!" అని సదాశివరావు రెండు చేతులు జోడించెను. "ఖుజ్లీ మత్ కర్నా, ఐసా బోల్ రహీ హై!"

"ఖుజ్లీ?" మలిక్ సాబ్ కొంతసేపు ఆలోచించెను. నియమావళియంతయు మనసున తిరగవేసెను. "రూల్ బుక్ మే ఖుజ్లీ కా కుఛ్ నహీ హై," అని, దురదను గూర్చి నియమమేదియు లేదని తీర్పు చెప్పి, వదలివేసెను.

ఎల్సా ఆ కేక వినెను. మమ్మీ తాను ఓడవలెనని కోరుచున్నదని ఆ పిల్ల మూడేండ్లుగా నమ్మియుండెను. ఇప్పుడు ఆ తల్లియే నీటిలో దిగి ఓర్చుకొమ్మనుచున్నది. ఎల్సాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి తుడుచుకోవడానికీ చెయ్యి లేదు.

"రెడీ!"

ఈగకు ఇది అంత్యకాలమని తోచెను గాబోలు, సింహాసనము వీడి, కుడి ముక్కురంధ్రపు ద్వారమున ఒక కాలు లోనికి పెట్టెను. అంతట ఎల్సా నాభీమూలమున తుమ్ము అను మహాసేనాని మేల్కాంచి, ఉదరదుర్గము వీడి, వక్షఃస్థలము దాటి, కంఠద్వారము చేరి, తాలుప్రాకారమును ఢీకొనెను. ఇప్పుడు తుమ్మినచో పడవ కదలును. కదలినచో రెండవ తప్పు. ఎల్సా పండ్లు బిగించెను, నాలుక మడచి అంగిటికి అదిమెను, చెవులు గుయ్యిమనెను.

"సెట్!"

సెట్ అని, మలిక్ సాబ్ ఫౌజు అలవాటున వలసినదానికంటె ఒక్క క్షణము ఎక్కువ ఆగెను. ఆ ఒక్క క్షణములో ఎల్సా కనుగ్రుడ్లు వెలికి వచ్చెను.

"గో!"

"హాఛ్ఛ్!"

గో అన్నదే ముందు వచ్చింది. నేను ప్రమాణం చేసి చెబుతున్నాను, వీసమెత్తు ముందు, కానీ ముందే. ఆ తుమ్ముతో ఆమె దేహభారమంతయు తెడ్డు మీద పడెను. మొదటి పోటుకే పడవ సగము పొడవు ముందుకు దూసుకుపోయెను. ఈగ ఏ లోకమునకు పోయెనో ఈ కథకునికి తెలియదు.

"అయ్యో, ఒంటి తుమ్ము!" అని సదాశివరావు నాలుక కరచుకొనెను. "శకునం బాగాలేదమ్మా, రెండోది కూడా పడితే..."

"మాకు అలాంటివి లేవండీ, పరిగెత్తండి!" అని జయశీల చున్నీ నడుముకు చుట్టి, ఒడ్డు వెంట పరుగు లంకించుకొనెను.

ఈగ పోయినను దురద పోలేదు. పాకము ఎండి బిగియుచు, ముక్కంతయు పట్టకారుతో పట్టినట్లుండెను. ఎల్సా పొడిచెను, లాగెను, పొడిచెను. నూరు మీటర్ల వద్ద ఆమెయే ముందు. నూటయేబదికి ఆరవ లేన్ దాటెను. వెంటనే నాలుగవది దాటెను. చివరి పదిమీటర్లలో అయిదవ లేన్ పిల్ల వెనుకనుండి బుసకొట్టుచు భుజమున భుజము కలిపెను. కూతురు నీటి మీద, తల్లి గట్టు మీద. ఇద్దరికీ ఊపిరి అందుటలేదు. గీత దాటెను. ఎవరు ముందో ఎవరు వెనుకో కంటికి తెలియలేదు.

ఎల్సా తెడ్డు నీటి మీద ఆన్చి, అట్లే మోకరించి, ఎగరొప్పుచుండెను. గోకుకొనవచ్చు గదా? లేదు. ఫలితము తెలియక గోకుటకు ఆమెకు మనసొప్పలేదు. ఓడిన ముక్కును గోకుకొన్ననేమి, గోకుకొనకున్ననేమి?

లౌడుస్పీకరు గరగరలాడెను. "ఫస్ట్, లేన్ ఛే. సెకండ్, లేన్ చార్." తరువాత చాలాసేపు గరగర తప్ప మరేమియు రాలేదు. "థర్డ్..." అని ఎవరో ఎవరినో అడుగుచున్న సవ్వడి. "థర్డ్, లేన్ దో."

జయశీల ఒక చెప్పు దారిలో వదలి, రొప్పుచు, నీటి అంచునకు వచ్చి చేరెను.

"మూడంటే క్యాంపేగా?"

"హా మమ్మీ," అన్నది ఎల్సా. తరువాత, జన్మలో మొదటిసారి కాకున్నను చాలాకాలమునకు, తెలుగులో, "అవును," అన్నది.

జయశీల చున్నీతో ముఖము తుడుచుకొనెను. ఏడ్చెను కూడా, కొంచెము.

"అయితే సరే. ఆ ఫారం సంగతి నేను చూసుకుంటాను," అన్నది. "నువ్వు ఇంక గోక్కోవే, తల్లీ."

అప్పుడు, ఓ మహాజనులారా, దిక్కులెల్ల నిశ్శబ్దమైయుండగా, మలిక్ సాబ్ మైకు దించి చూచుచుండగా, రాఠీ సార్ లేచి నిలబడి చూచుచుండగా, ఆ వీరకన్యాలలామ, ఆ ఏకజానుధారిణి, ఆ తృతీయస్థానవిజేత, మొదట ఒక చేయి, ఆపై రెండవ చేయి తెడ్డు నుండి విడిపించి, ముక్కు కొనను, ముక్కు దూలమును, ఎడమ పుటమును, కుడి పుటమును, పైనుండి క్రిందికి, క్రిందనుండి పైకి, పది వ్రేళ్ళతో, తనివితీర, కన్నులరమోడ్చి, లోకమును మరచి గోకెను, పడవ తిరగబడెను, అయినను మానక నీటి అడుగున గోకెను, తేలి వచ్చి, తల్లి నవ్వుచుండగా, మరియొకసారి గోకెను.

ఇట్లు యమునాతీరమున, ఏప్రిల్ ఆదివారమున, ఎల్సా తన ముక్కును తాను గోకుకొనెను. జయము! జయము!